జొన్నరొట్టె పక్కన ఏముంది?

మా అద్దంకిలో జొన్నలకు మళ్లీ రోజులొచ్చాయి. ఒకప్పుడు వరన్నం పండక్కి, జొన్నన్నం రోజూ. సాగర్ కాలవ నీళ్లొచ్చాక వంటింట్లోంచి జొన్న మెల్లగా జారుకుంది. ఇప్పుడు షుగరు పుణ్యమా అని రొట్టె రూపంలో తిరిగొచ్చింది.

మా అమ్మకు అరవై దాటాయి. ఆర్నెల్లుగా రెండు పూటలా జొన్నరొట్టె, కొరివికారం. అంతే. పప్పు తింటే గ్యాసంటుంది. షుగరున్నవాళ్లు పెరుగు ముట్టకూడదని ఎవరో చెప్పారట. షుగరు అంకె దిగిన మాట నిజమే. మనిషీ దిగిపోయింది. మేడ మెట్ల మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఏమన్నా అంటే, ‘‘మీ నాయనమ్మ జొన్నలు తినే గదే ముసలితనంలోనూ మిరపకోతకు పోయింది’’ అని నా నోరు మూయిస్తుంది.

నాయనమ్మ తిన్నది జొన్నలొక్కటే కాదు. జొన్నన్నంలోకి గోంగూర పప్పో, పప్పుచారో, చివర్న చల్లో ఉండేవి. అవి లేని ఇళ్లలో ఏమయ్యేదో హైదరాబాద్ శాస్త్రవేత్తలు చూశారు.

1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. దక్కన్‌లో జొన్నలే ఆధారంగా బతికే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు అక్కడి వైద్యుల కంటబడింది. ఎండ తగిలే చేతులు, పాదాలు, మెడ నల్లబడి పొలుసులు లేస్తాయి. విరేచనాలవుతాయి. ముదిరితే మతి చలిస్తుంది. నియాసిన్ అనే బి విటమిన్ చాలకపోతే వచ్చే జబ్బిది. ఒంట్లో ఈ విటమిన్ కొంత ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారవుతుంది. సుమారు 60 మిల్లీగ్రాములు ఖర్చుపెడితే దక్కేది ఒక్క మిల్లీగ్రాము! ఆ ట్రిప్టోఫాన్‌ను శరీరం సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. మొక్కజొన్నలో అది తక్కువ గనక అమెరికా, ఇటలీ పేదలకు పెల్లాగ్రా వచ్చిందంటే అర్థముంది. జొన్నలో మరీ అంత తక్కువేం కాదే!

డాక్టర్ సి.గోపాలన్, డాక్టర్ ఎస్.జి.శ్రీకంఠయ్య 1960లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక జవాబు చెప్పారు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ. అదీ మనకు అవసరమైన అమైనో ఆమ్లమే, కండకు కావలసిందే. కానీ మిగతావి చాలనప్పుడు అదొక్కటే మీదపడితే, ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారికి అడ్డొస్తుందన్నారు. తర్వాత జరిగిన ప్రయోగాలన్నీ దీన్ని బలపరచలేదు, వాదన చాలాకాలం నడిచింది. నాకు మాత్రం వాళ్లు చూసిన తీరు నచ్చింది. గింజలో ఏం లోపించిందనే కాదు, ఏది ఎక్కువైందని కూడా అడిగారు.

అమ్మకు పెల్లాగ్రా వస్తుందని నా భయం కాదు. ఒంటరి రొట్టెతో కండ నిలవదనే. జొన్నలో లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువ, కందిపప్పులో అది దండిగా ఉంటుంది. పెరుగు, గుడ్డు ట్రిప్టోఫాన్ ఇస్తాయి. వేరుసెనగపప్పయితే నియాసిన్‌నే నేరుగా తెస్తుంది.

పోయిన నెల డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్లాను. కిడ్నీ పరీక్షలు చూసి, పంచదార లేని పెరుగు, పప్పు నిక్షేపంగా తినొచ్చన్నారు. అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. వేరుసెనగపొడి మాత్రం ‘‘రొట్టెలోకి బాగానే ఉందిలే’’ అంది. పప్పు వారానికి మూడు రోజులకొచ్చింది, ఇంగువ ఎక్కువేస్తే. పెరుగు బేరం ఇంకా తెగలేదు.