పాసుపుస్తకం లేనోడి పూచీ

మా పల్లెలో జైలుకి పోవడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. బయటికి రావడానికే అన్ని కాగితాలూ కావాలి.

1993లో ప్రకాశం జిల్లాలోని మా వూళ్లో పొగాకు పనికి కూలి పెంచమని మాదిగపల్లె పని మానేసింది. పెత్తందార్లు మావాళ్లని కొట్టారు. మావాళ్లు అట్రాసిటీ కేసు పెట్టారు. మర్నాటికే మా అయ్యతో కలిపి ఆరుగురి మీద మోటారు వైరు దొంగతనం కేసు తయారైంది. కౌంటరు కేసంటే ఏందో అప్పుడే నాకు తెలిసింది.

ఎనిమిదో రోజున బెయిలు వచ్చింది. మనిషికి ఇద్దరు జామీనుదార్లు, ఒక్కొక్కరు ఐదువేలకి పూచీ పడాలన్నారు. ఐదువేల ఆస్తి మా పల్లెలో ఎవరికుంది? మా పెదనాయనకి ఎకరం డి-ఫారం పట్టా ఉంది. అసైన్డు భూమి అమ్మకూడదని 1977 చట్టం. అమ్మకూడని భూమిని రేపు వేలమెట్టా వేస్తాం, సాల్వెన్సీ ఇవ్వం పొమ్మన్నారు ఆఫీసులో. మా భూమి మా చేతుల్లోంచి జారిపోకూడదని చేసిన చట్టం మా మనిషిని జైల్లో ఉంచడానికి పనికొచ్చింది. వూళ్లో పాసుపుస్తకాలున్నోళ్లంతా కేసు పెట్టినోళ్ల చుట్టాలే. వాళ్లని పోయి అడగాలా?

బెయిలొచ్చినాక కూడా మా అయ్య పందొమ్మిది రోజులు లోపలే ఉన్నాడు. నేరానికి కాదు, పాసుపుస్తకం లేనందుకు.

చివరికి కోర్టు ఎదుట టీ బంకు కాడ ఒక గుమాస్తా దారి చూపించాడు. అక్కడ పూచీలు అద్దెకి దొరుకుతాయి. మనిషికి మూడువందలు. ఏమవుతావని మేజిస్ట్రేటు అడిగితే చుట్టాన్నని చెప్పాలి. మూడువందలిస్తే ఆ పూటకి ఏ కులమోడైనా మాదిగోడికి మేనత్త కొడుకే. మా అమ్మ పడ్డదూడని తొమ్మిది వందలకి అమ్మింది. ఆరువందలు జామీనుదార్లకి, మిగతావి గుమాస్తాకీ, స్టాంపులకీ, బస్సు చార్జీలకీ పోయాయి.

మరుసటేడు అయ్య ఖమ్మం వైపు మిరపకోతలకి పోయి ఒక వాయిదా తప్పాడు. వారంటు పుట్టింది. జామీనుదారుకి నోటీసు పోయింది. అతను ఇద్దర్ని వెంటేసుకొచ్చి మా గుడిసె ముందు కూలబడ్డాడు. "అమ్మా, నీ మొగుణ్ణి చూపించు, లేకపోతే నేను పోతా లోపలికి" అన్నాడు. పోతా పోతా ఇత్తడి బిందె పట్టుకుపోయాడు. నాకు కోపమొచ్చింది గానీ అతని చేతులు వణకడం కూడా చూశాను. ఎకరంన్నర మెట్ట, దాని మీద పదకొండు మందికి పూచీ. ముద్దాయి రాకపోతే ఆ సొమ్ము జామీనుదారు కట్టాలి. కట్టకపోతే జప్తు, అదీ కుదరకపోతే ఆరు నెలల దాకా సివిలు జైలు. ముద్దాయిని బలవంతంగా పట్టుకొచ్చే వ్యాపారానికి మన చట్టంలో చోటు లేదు. నన్ను పూచీ నుంచి తప్పించండని అతను కోర్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అప్పుడు కోర్టే వారంటు ఇస్తుంది. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పారు?

1998లో కేసు కొట్టేశారు. బిందె రాలేదు.

మొన్నో విద్యార్థి అడిగాడు: అమెరికాలో లాగా లైసెన్సులిస్తే ఈ దొంగ జామీన్లు పోవా అని. అక్కడ చాలా రాష్ట్రాల్లో బెయిలు వ్యాపారికి లైసెన్సు ఉంది. పూచీ మొత్తంలో సుమారు పదోవంతు ఫీజు, తిరిగి రాదు. పారిపోయినోణ్ణి ఇంట్లో దూరి కూడా పట్టుకోవచ్చని 1872లోనే అక్కడి సుప్రీంకోర్టు టేలర్ కేసులో చెప్పింది. అయినా కెంటకీ రాష్ట్రం 1976లో ఆ వ్యాపారాన్నే నిషేధించింది. ఇల్లినాయ్ 2023 సెప్టెంబరులో డబ్బు బెయిలునే ఎత్తేసింది. లైసెన్సిస్తే దళారికి గౌరవమొస్తుంది. మా అయ్యకి పొలం రాదు గదా!

మన సుప్రీంకోర్టు 1978లోనే మోతీరాం అనే తాపీమేస్త్రి కేసులో ఈ మాట తేల్చింది. పదివేల పూచీ అడిగి, వేరే జిల్లా ఆస్తి అని అన్న జామీను కాదన్న మేజిస్ట్రేటును తప్పుబట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమంది. అది చెప్పిన పదిహేనేళ్లకి కదా మా అయ్య జైల్లో కూచున్నది! 2006 నుంచి, బెయిలబుల్ కేసులో వారంలో పూచీ ఇవ్వలేనోణ్ణి పేదవాడిగా ఎంచి సొంత పూచీ మీద వదలాలి. కానీ మా మీద పెట్టేవి దొంగతనం కేసులు. వాటిలో చాలావాటికి ఆ రక్షణ లేదు.

అందుకే చదువుకున్న పిల్లలకి చెబుతున్నా. బెయిలు ఆర్డరొచ్చిన రోజు సంబరపడకండి, రోజులు లెక్కపెట్టండి. వారంలో మనిషి బయటికి రాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవా సంస్థకి చెప్పాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెలలోగా పూచీ కట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టే ఆలోచించవచ్చంది. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం ఆలస్యానికి ఒక కారణమని కూడా అంది. ఆ ఆర్డరు కాపీ పట్టుకుపోండి. మనిషి ఎన్నాళ్లుగా ఆ పల్లెలో ఉంటున్నాడో, ఏం పని చేస్తాడో, ఇంట్లో ఎవరున్నారో దరఖాస్తులో రాయండి. పూచీ అడిగేముందు అవి చూడాలని 1979 హుస్సేనారా ఖాతూన్ కేసులోనే ఉంది. మూడు తరాలుగా అదే పల్లెలో బతికినోడు యాడికి పారిపోతాడని అడగండి.