హెడ్‌ఫోన్లు, ఈక్వలైజర్, మన చెవి



"డాక్టరు గారూ, ఏ హెడ్‌ఫోన్లు కొనమంటారు?" అని నన్ను అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. నేను వైద్యవృత్తిలో ప్రవేశించిన రోజుల్లో అనంతపురం ప్రాంతంలో చెవిని గురించి వచ్చే ఫిర్యాదులు ముఖ్యంగా రెండే: పిల్లల చెవిలో చీము, పెద్దల చెవుడు. ఇప్పుడు పాతికేళ్లైనా నిండని యువకులు చెవిలో హోరు అంటున్నారు. కనుక దీనిని బజారు ప్రశ్నగా కాక ఆరోగ్య ప్రశ్నగా తీసుకొని, నాకు తెలిసినదీ, నేను ఆచరిస్తున్నదీ ఇక్కడ వ్రాస్తున్నాను.

నా సమాధానం ఒక్క వాక్యంలో చెప్పవచ్చును. తక్కువ శబ్దంలోనే మాటను, పాటను స్పష్టంగా వినిపించేవే మంచి హెడ్‌ఫోన్లు. తక్కిన గుణాలన్నీ దీని తరువాతివే.

సాధారణంగా మనిషి శబ్దాన్ని ఊరికే పెంచడు. చుట్టూ ఉన్న రొదను దాటడానికి పెంచుతాడు. మన మెట్టసీమలో ఆ రొదకు కొదవ లేదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ నేల మీద, వేరుశనగ చేతికి రాని సంవత్సరం యువకులు వేరే పనులు వెదుక్కుంటారు. కొందరు బోరుబండ్ల మీద కూలికి, కొందరు తాడిపత్రిలో రాయి కోసి పాలిష్ పట్టే యూనిట్లకు, కొందరు ధర్మవరంలో మరమగ్గాలకు, మరికొందరు బస్సెక్కి బెంగళూరుకు వెళతారు. పని రొద ఒకవైపు, దానిని మరిపించే పాట మరొకవైపు. రెండింటి భారమూ మోసేది ఆ రెండు చెవులే.

ఆ భారానికి ఒక లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్‌ల శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. పిల్లలకైతే అది 75 డెసిబెల్‌లు. శబ్దం 3 డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ వినదగిన కాలం సగానికి తగ్గుతుంది. 90 డెసిబెల్‌ల దగ్గర అది వారానికి 4 గంటలు. 100 డెసిబెల్‌ల దగ్గర వారం మొత్తానికి 20 నిమిషాలు. ఫోన్‌లో శబ్దాన్ని పూర్తిగా పెంచితే చాలా ఇయర్‌ఫోన్లు ఈ చివరి మెట్టును అందుకోగలవు.

ఇక ఎంపిక విషయం. చెవి బయటి గుంటలో వదులుగా కూర్చునే ఇయర్‌ఫోన్లు బయటి రొదను ఆపవు. అందువల్ల బస్సులో వాటిని వాడేవారు శబ్దం పెంచక తప్పదు. రబ్బరు తొడుగుతో చెవి రంధ్రంలో ఇమిడేవి, చెవిని పూర్తిగా కప్పే మూసిన గిన్నెల వంటివి బయటి శబ్దాన్ని చాలావరకు అడ్డుకుంటాయి. రబ్బరు తొడుగులు సాధారణంగా మూడు కొలతల్లో వస్తాయి. మీ చెవికి సరిపోయేదానిని వెదుక్కోండి. తొడుగు వదులైతే బొంగు స్వరాలు జారిపోతాయి, రొద లోపలికి వస్తుంది.

రొదను రద్దుచేసే హెడ్‌ఫోన్లు మరొక రకం. బంగాళీ తండ్రికి అమెరికాలో పుట్టిన ఇంజినీరు అమర్ బోస్‌కు 1978లో ఒక విమాన ప్రయాణంలో వీటి ఆలోచన కలిగింది. బయటి శబ్దాన్ని చిన్న మైకు పట్టుకుంటుంది; దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని హెడ్‌ఫోన్ పుట్టిస్తుంది; రెండూ కలిసి ఒకదానినొకటి చెరిపివేస్తాయి. బస్సు ఇంజను వంటి ఎడతెగని లోతైన రొద మీద ఇది చక్కగా పనిచేస్తుంది. రాతిని కోసే రంపం కీచు మీద, సుత్తిదెబ్బ మీద అంతగా పనిచేయదు. కనుక కర్మాగారంలో చెవిరక్షణకు వీటిని నమ్ముకోరాదు. రోడ్డు మీద నడిచేటప్పుడు అసలే వాడరాదు.

మన ఎండలకు తగిన జాగ్రత్త మరొకటి చెప్పాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట చెవిని గంటల తరబడి మూసి ఉంచితే లోపల చెమట నిలుస్తుంది. చెమ్మ, వెచ్చదనం, దుమ్ము కలిస్తే చెవిలో బూజు పెరగడానికి అనువవుతుంది. దురద, నొప్పి, చెవి దిబ్బడ వస్తాయి. తొడుగులను తుడిచి ఆరబెట్టండి. ఒకరివి మరొకరు వాడకండి. చెవిలో నూనె పోయకండి, పుల్లలు పెట్టకండి.

ఇప్పుడు ఈక్వలైజర్ దగ్గరకు వద్దాం. ఫోన్‌లో పైకీ కిందికీ జరిపే చిన్న మీటల వరుస అది. పది మీటలున్న ఈక్వలైజర్‌లో ఎడమ కొసన 31 హెర్ట్జ్ దగ్గర అతి లోతైన ధ్వనులు, కుడి కొసన 16,000 హెర్ట్జ్ దగ్గర తాళాల కొసమెరుపు వంటి సన్నని ధ్వనులు ఉంటాయి. మాటలోని అచ్చుల బలం ఎక్కువగా 1000 హెర్ట్జ్ లోపల ఉంటుంది. స, శ, త, క వంటి హల్లులను విడదీసి చూపే ధ్వని 2000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. అచ్చులు మాటకు బలాన్నిస్తే, హల్లులు అర్థాన్నిస్తాయి.

నిమ్మలకుంట తోలుబొమ్మలాట వంటిది చూసినవారికి దీని వాడకం సులభంగా బోధపడుతుంది. తెర వెనుక మద్దెల, తాళాలు, కాలికింద చెక్కల చప్పుడు, వాటి నడుమ కథ పాడే గొంతు. గొంతు వినపడకపోతే గొంతు చించుకోవడం ఒక పద్ధతి. మద్దెలను కాస్త తగ్గించుకోవడం మరొక పద్ధతి. ఈక్వలైజర్‌కు రెండవదే సరైనది. కావలసినదానిని పెంచకండి, అడ్డుపడుతున్నదానిని తగ్గించండి. మాట మసకగా ఉంటే 125, 250 హెర్ట్జ్ మీటలను 3 లేదా 4 డెసిబెల్‌లు దించి చూడండి. పాత గ్రామఫోను పద్యాలలో గరగర ఎక్కువైతే 8000, 16,000 మీటలను దించండి. ఏ మీటనైనా పెంచక తప్పకపోతే, మొత్తం శబ్దాన్ని అంతే మేరకు తగ్గించండి; లేకపోతే ధ్వని పగులుతుంది, చెవికి దెబ్బా తగులుతుంది.

శబ్దం తగ్గించగానే పాటలో లోతు పోయినట్లు అనిపించడం సహజం. తక్కువ శబ్దంలో మన చెవి లోతైన స్వరాలను తక్కువగా గ్రహిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపారు. ఎడమ కొస మీటలను రెండు మూడు డెసిబెల్‌లు పెంచుకుంటే ఆ వెలితి తీరుతుంది. మొత్తం శబ్దాన్ని పెంచనక్కరలేదు.

ఈక్వలైజర్ మనకు మరొక సంగతి కూడా చెబుతుంది. తాడిపత్రిలో రాయి పాలిష్ పట్టే పనిచేసే 24 ఏళ్ల యువకుడొకడు, మాకు తెలిసిన రైతు కుమారుడు, ఆ మధ్య మా ఇంటికి వచ్చి కొత్త హెడ్‌ఫోన్లు చెప్పమన్నాడు. "ఉన్నవాటికి ఏమైంది నాయనా?" అని అడిగాను.

"పాటలు ముందర మాదిరి ఇనపడ్డంలేదు సార్. మూతేసిన కడవలో పాడినట్ల ఉంది. రాత్రి పండుకుంటే చెవిలో కీచుమంటాంది" అన్నాడు.

అతని ఫోన్ చూశాను. 4000, 8000 మీటలు చిట్టచివరి దాకా పైకి ఉన్నాయి. ఏడాది క్రితం సగంలోనే ఉండేవట. నెలనెలా కొంచెం పెంచుతూ వచ్చాడట. రోజంతా రంపం రొదలో, దానిని దాటి వినిపించే పాటతో పనిచేసేవాడట. నేను హెడ్‌ఫోన్ల పేరు చెప్పలేదు. వినికిడి పరీక్షకు పంపాను. రెండు చెవుల్లోనూ 4000 హెర్ట్జ్ దగ్గర గీత గుంటలా కిందికి దిగింది.

రొదవల్ల కలిగే వినికిడి లోపానికి అది తొలి ముద్ర. లోచెవిలో నత్తగుల్ల ఆకారపు భాగంలో సుమారు 15,000 రోమకణాలుంటాయి. మితిమీరిన శబ్దానికి అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు. మన చెవిగొట్టం 3000 హెర్ట్జ్ ప్రాంతపు ధ్వనిని తానే పెంచి లోపలికి పంపుతుంది. అందుకే ఆ పైభాగం ముందుగా దెబ్బతింటుంది. ఆ యువకుడు వినపడని స్వరాలను పెంచుతూ, గాయమైన చోటనే మళ్లీ కొడుతున్నాడు. అతనికి పాడైనవి హెడ్‌ఫోన్లు కావు.

పని మానమని చెప్పడం సులభం. రెండేళ్లుగా పంట లేదు, బోరు ఎండింది, ఇంట అప్పు ఉంది. కనుక చెవిని కప్పే రక్షణ కవచాలు పనిలో ఎలా పెట్టుకోవాలో చూపించాను; పాట పని ముగిసిన తరువాతనే, తక్కువ శబ్దంలో వినమన్నాను. హోరు పూర్తిగా పోలేదు. ఆరు నెలల తరువాత చేసిన పరీక్షలో గీత మరింత దిగలేదు. ఇటువంటి సందర్భంలో వైద్యుడు ఆశించదగిన ఫలితం అదే.

నా విషయం వేరు. డెబ్బై దాటిన చెవి సన్నని స్వరాలను కోల్పోవడం వయోధర్మం. నేను పరీక్ష చేయించుకొని, ఆ గీతను పక్కన పెట్టుకొని, లోతైన మీటలను 4 డెసిబెల్‌లు దించి, 4000 మీటను 3 మాత్రం పెంచి, మొత్తం శబ్దాన్ని సగం లోపల ఉంచి వింటున్నాను. ఆ అమరికతోనే మా ఇంటావిడ విని, "ఇదేమిటండీ, తాళాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి!" అన్నది. ఒకరి కళ్లద్దాలు మరొకరికి పనికిరానట్లే, ఒకరి అమరిక మరొకరికి పనికిరాదు. మాటలే అందని స్థితి వస్తే ఈక్వలైజర్‌తో సరిపెట్టుకోక, నిపుణుల సలహాతో వినికిడి యంత్రం తీసుకోవాలి.

చివరగా గుర్తుంచుకోవలసినవి:

1. నిశ్శబ్దంగా ఉన్న గదిలో శబ్దాన్ని అమర్చుకోండి. ఆ గుర్తును బయట దాటకండి.
2. చేయిచాపు దూరంలోని మనిషి పిలిస్తే వినపడకపోతే శబ్దం ఎక్కువైనట్లే.
3. గంటకొకసారి పది నిమిషాలు చెవులకు విశ్రాంతినివ్వండి.
4. విన్న తరువాత హోరు వినిపించినా, సన్నని స్వరాల మీటను తరచుగా పెంచవలసి వస్తున్నా, కొత్త హెడ్‌ఫోన్లు కొనకముందే చెవి, ముక్కు, గొంతు నిపుణులను కలిసి వినికిడి పరీక్ష చేయించుకోండి. ఆ పరీక్షలో నొప్పి ఉండదు, అరగంటలో ముగుస్తుంది.
5. మీ ఇంటి పిల్లల ఫోన్ తీసుకొని ఆ మీటలు ఎక్కడున్నాయో ఈ రోజే ఒకసారి చూడండి.