బడి తెరిచిన మొదటి నెల

మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ గారు ఫోన్ చేశారు. కథలు, కవితలు నాకు రావు. నాకు తెలిసింది నేను చేసే పని ఒక్కటే. దాని గురించే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

నేను ఇప్పుడు హైదరాబాదులో ఒక మాంటిస్సోరి బడిలో టీచరుగా ఉన్నాను. మా తరగతిలో రెండున్నరేళ్ల పాప నుంచి ఆరేళ్ల బాబు వరకు అందరూ ఒకే గదిలో ఉంటారు. డిగ్రీ అయ్యాక మొదట అక్కడే సహాయకురాలిగా చేరాను. వచ్చిన జీతంలో కొంత కొంత దాచుకుని డిప్లొమా చేశాను.

చేరిన ఏడాది జూన్‌లో, బడి తెరవడానికి వారం ముందే రమ్మన్నారు. పిల్లల ఎత్తుకు సరిపోయే అరలు కడిగి, తుడిచి, వస్తువులు సర్దాలి. అన్నీ అందంగా పేర్చి పెడతామనుకున్నాను. మా పెద్ద టీచరు మాత్రం సగానికి పైగా వస్తువులు బీరువాలో పెట్టి తాళం వేశారు. సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతూ పోయే పది గులాబీ రంగు చెక్క దిమ్మలు, గరుకు కాగితంతో చేసిన అక్షరాలు, అంకెలు అన్నీ లోపలికే వెళ్లాయి. బయట మిగిలినవి ఏమిటో తెలుసా? పెసలు పోసిన రెండు చిన్న జగ్గులు, గిన్నెలు, చెంచాలు, గుండీలు పెట్టి తీసే చట్రం, చిన్న చీపురు, చేట, చుట్టి పెట్టిన చాపలు. ప్రతిదీ ఒక్కొక్కటే. ఒకరు తీసుకుంటే వాళ్లు తిరిగి పెట్టేదాకా ఇంకొకరు ఆగాలి.

"అక్షరాలు లేకుండా బడేమిటి మేడమ్?" అని అడిగాను. "ముందు ఈ గది తమదని పిల్లలకు తెలియాలి. అక్షరాలు ఎక్కడికీ పోవు" అన్నారామె.

మొదటి కొన్ని రోజులు పాత పిల్లలే వచ్చారు. తర్వాత కొత్తవాళ్లను నలుగురైదుగురి చొప్పున పిలిచారు. ఆ నెలంతా మేము నేర్పింది చాప పరిచి మళ్లీ చుట్టడం, కుర్చీని చప్పుడు కాకుండా రెండు చేతులతో మోయడం, పక్కవాడి చాప తొక్కకుండా చుట్టూ నడవడం, ముక్కు తుడుచుకోవడం. నోటితో ఎక్కువ చెప్పం. నెమ్మదిగా చేసి చూపిస్తాం, అంతే.

అలాంటి ఒక రోజు, మూడేళ్ల పాపను తీసుకుని ఒకాయన వచ్చారు. పాప పెసల జగ్గు వైపు చూస్తోంది. ఆయన నా దగ్గరకు వచ్చి, "ఇప్పుడే జారుకుంటానమ్మా, చెబితే ఏడుస్తుంది" అన్నారు. నా నోటి నుంచి ఒక్కసారిగా "వద్దు సార్, చెప్పి వెళ్లండి" అని వచ్చేసింది. గొంతు వణికింది. అందరూ నా వైపు చూశారు.

నేను మూడో తరగతిలో మన హాస్టలులో చేరిన రోజు నాన్న నన్ను గేటు దగ్గర రేకు పెట్టె మీద కూర్చోబెట్టి, "బజారుకెళ్లి బిస్కెట్లు తెస్తా, కదలకు" అన్నాడు. నేను కదలలేదు. పొద్దు గూకింది. అన్నం గంట కొట్టారు. అయినా కదలలేదు. అప్పుడు తొమ్మిదో తరగతి అక్క ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. ఏడవకు అనలేదు. కాసేపయ్యాక, "ప్లేట్లు లెక్కపెట్టాలి, నాకు సాయం చేస్తావా?" అంది. అరవై దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత అంకెలు రాలేదు. అక్క మిగిలినవి లెక్కపెట్టింది. ఆ రాత్రి అన్నం తిన్నాను. కానీ చాలా నెలలు, ఎవరు "ఇప్పుడే వస్తా" అన్నా నమ్మేదాన్ని కాదు.

పాప వాళ్ల నాన్న నా మాట విన్నారు. మోకాళ్ల మీద కూర్చుని, "పన్నెండింటికి వస్తానమ్మా" అని చెప్పి వెళ్లారు. పాప గట్టిగానే ఏడ్చింది. తలుపు దగ్గరే కూలబడింది. నేను జగ్గులు తెచ్చి పక్కనే కూర్చుని, ఒక దాంట్లోంచి ఇంకోదాంట్లోకి పెసలు పోస్తూ ఉన్నాను. కాసేపటికి ఏడుపు ఆగి చెయ్యి చాచింది. పోసింది, సగం నేల మీద పడ్డాయి. నేను గబుక్కున చీపురు అందుకోబోయాను. దూరం నుంచి మా పెద్ద టీచరు వద్దని సైగ చేశారు. ఐదేళ్ల పిల్ల ఒకతి వచ్చి చీపురు ఎలా పట్టాలో చూపించింది. పాప తనే ఊడ్చింది. పన్నెండింటికి వాళ్ల నాన్న వచ్చారు. వారం తిరగకముందే పాప చెయ్యి వదిలించుకుని లోపలికి నడిచి వచ్చింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు నేను సంక్షేమ హాస్టలులో చదివానని చెప్పలేదు. కార్లలో దిగే పిల్లల బడి అది. సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు పోయింది కోర్సు చదివేటప్పుడు. మారియా మాంటిస్సోరి ఇటలీ దేశపు డాక్టరు. ఆమె 1907 జనవరి 6న మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచింది ధనవంతుల పేటలో కాదు, రోము నగరంలోని శాన్ లోరెంజో అనే కూలీల పేటలో. అమ్మానాన్నలు పనికిపోతే రోజంతా చూసే దిక్కులేని పిల్లలు, యాభై మంది దాకా. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. ఈనాడు పెద్ద ఫీజులు కట్టి చదివించే ఈ చదువు మొదట పుట్టింది మనలాంటి ఇళ్ల పిల్లల కోసం!

మర్నాడే మా పెద్ద టీచరుకు అన్నీ చెప్పాను, ప్లేట్లు లెక్కపెట్టిన సంగతి కూడా. ఆమె నవ్వి, "అయితే మొదటి నెల గురించి నీకు ఎవరూ నేర్పనక్కర్లేదు" అన్నారు.

ఆ సెలవుల్లో నాన్నను కూడా అడిగాను. "చెబితే ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను వదిలి రాలేనమ్మా" అన్నాడు. నా కోపం ఆ రోజుతో పోయింది.

చెల్లెళ్లూ, ఆ చెక్క దిమ్మలు మనం కొనలేం. కానీ మొదటి నెలకు కావలసిన వాటికి డబ్బుతో పనిలేదు. వచ్చే జూన్‌లో మూడో తరగతి పిల్లలు రేకు పెట్టెలతో గేటు దగ్గర దిగుతారు. వాళ్ల నాన్నలతో, "చెప్పి వెళ్లండి, మేమున్నాం" అనండి. పెట్టె ఎక్కడ పెట్టాలో, కుళాయి ఎలా కట్టాలో, దుప్పటి ఎలా మడవాలో ఒక్కసారి నెమ్మదిగా చేసి చూపించండి. వంకరగా మడిచినా మీరు మళ్లీ మడవకండి. ఏడిస్తే నవ్వకండి. చేతికి ఒక చిన్న పని ఇవ్వండి.

ఆ అక్క ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఈ సంచిక ఆమె చేతికి చేరితే, అరవై తర్వాత అంకెలు కూడా నేర్చుకున్నానని తెలుసుకుంటే చాలు.

– మీ అక్క, ఈ హాస్టలు పూర్వ విద్యార్థిని