మనవరాలికి దూరదర్శిని

అరుంధతి సూక్ష్మమైన తార. దానిని చూపదలచినవాడు ముందుగా సమీపంలోని ప్రకాశవంతమైన నక్షత్రాన్ని చూపి, "అదే అరుంధతి" అంటాడు. చూపరి దృష్టి అక్కడ నిలిచిన పిదప, "అది కాదు, దాని ప్రక్కనున్నది" అని నిజమైన అరుంధతిని దర్శింపజేస్తాడు. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో ఉదహరించిన ఈ స్థూలారుంధతీ న్యాయం వేదాంతశ్రవణం చేసినవారికి సుపరిచితమే. పొందూరులోని ఒక వృద్ధ నేతగాడికి మాత్రం ఇది విశాఖపట్నపు దుకాణంలో అక్కరకు వచ్చింది.

ఆయన మనవరాలికి పదవ ఏడు నిండబోతున్నది. పుట్టినరోజుకు టెలిస్కోపు కావాలని అడిగింది. "దానితో ఏమి చూస్తావు తల్లీ?" అంటే, తడుముకోకుండా "సూర్యుణ్ణి, తాతా" అన్నది. తాతగారి చేయి పట్టుకొని అరసవల్లికి వెళ్ళివచ్చే పిల్లకు ఆకాశంలో అందరికంటె ముందు పరిచయమైనవాడు సూర్యనారాయణుడే కదా!

ఆ మాట విని ఆయన ఉలిక్కిపడ్డారు. 1980 ఫిబ్రవరి 16న తెలుగునేల మీదుగా సూర్యగ్రహణం సాగినప్పుడు, ఇంటి పెద్దలు తలుపులు మూసుకొని జపంలో ఉండగా, ఆయన పడుచుతనపు కుతూహలంతో మసిపట్టిన గాజుముక్కను కుడికంటికి అడ్డుపెట్టుకొని చూశారు. నొప్పి కలుగలేదు. కలుగదు కూడా, నేత్రపటలం కాలుతున్నప్పటికీ బాధ తెలియదు. మరునాడు మగ్గం ముందు కూర్చుంటే కుడికంటి చూపు నడుమ నూలుపోగు మాయమైంది. చుట్టూ ఉన్నవన్నీ కనబడతాయి, చూడదలచినది తప్ప. నలభై ఏళ్ళకు పైగా ఎడమకన్నే ఆయనకు మగ్గం నడిపింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వద్దని చెప్పివేయడం సులభం. కాని తనకు కీడు చేసినది జిజ్ఞాస కాదనీ, దానికి మార్గం చూపేవారు లేకపోవడమనీ ఆయనకు ఎన్నడో తోచింది. తెల్లవారుజామున పొందూరు స్టేషనులో రైలెక్కారు.

విశాఖకు ఇది కొత్త విద్య కాదు. 1840 ప్రాంతంలోనే గోడే వెంకట జగ్గారావుగారు అక్కడ స్వంత వేధశాలను నిర్మించుకున్నారు. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874లో సూర్యబింబం మీదుగా సాగిన శుక్రుణ్ణి అక్కడినుండే పరిశీలించారు. ఇప్పుడు ఆ విద్య అట్టపెట్టెలలో అమ్ముడవుతున్నది.

దుకాణంలో మొదట చూపిన పెట్టె మీద "525 రెట్లు" అని పెద్ద అక్షరాలలో ఉన్నది. లోపలి కటకం వ్యాసం 60 మిల్లీమీటర్లు. కటకపు వ్యాసంలో ఒక్కొక్క మిల్లీమీటరుకు రెండు రెట్ల కంటె ఎక్కువ పెంచితే బింబం పెద్దదవుతుందే కాని స్పష్టత పెరగదు. అనగా దీని శక్తి 120 రెట్లతో సరి. మిగిలినదంతా అర్థవాదం! ఆయన ఈ లెక్క అడుగలేదు. ముక్కాలి పీట మీద నిలిపిన గొట్టాన్ని వ్రేలితో మెల్లగా తట్టి, కంటిని ఆనించి చూశారు. దూరాన ఉన్న దీపస్తంభం చాలాసేపు ఊగుతూనే ఉన్నది. వాలుగ చేప దవడతో ప్రత్తిని దువ్వి, నూరవ నంబరు నూలు తీసే ఊరివాడికి ఎవరూ చెప్పనక్కరలేదు: కదురు వణికితే పోగు నిలువదు. ఎన్ని రెట్లు పెంచితే అన్ని రెట్లు వణుకు కూడా పెరుగుతుంది.

రెండవది చూడటానికి సామాన్యమైనది. 70 మిల్లీమీటర్ల కటకం, 700 మిల్లీమీటర్ల నాభ్యంతరం, బరువైన పీట. తట్టితే రెండు క్షణాలలో నిశ్చలమైంది. 25 మిల్లీమీటర్ల నేత్రకటకం పెడితే 28 రెట్లు, 10 మిల్లీమీటర్లది పెడితే 70 రెట్లు. "ముందు ఈ చిన్న గొట్టంలో వెదకాలి, తరువాత తక్కువ రెట్లతో పట్టుకోవాలి, చివరకు ఎక్కువ రెట్లు" అని దుకాణదారు వివరిస్తుంటే తాతగారికి నవ్వు వచ్చింది. పురాణకాలక్షేపంలో ఎన్నోమార్లు విన్న న్యాయమే ఇది.

పెట్టెలో ఒక నల్లని గాజుబిళ్ళ కూడా ఉన్నది. నేత్రకటకానికి బిగిస్తే సూర్యుణ్ణి చూడవచ్చునట. కటకం సూర్యరశ్మిని కూడగట్టే చోటనే ఆ బిళ్ళ ఉంటుంది. వేడికి పగిలిందంటే కన్ను తప్పించుకొనే వ్యవధి ఉండదు. ప్రత్తిమీద భూతద్దం పట్టరాదని నేతవారి ఇంట పసిపిల్లలకు కూడా తెలుసు. ఆయన దానిని అక్కడే సుత్తితో పగులగొట్టించారు.

"సూర్యుణ్ణి ఎందుకు చూడకూడదు?" అని మనవరాలు పట్టుబట్టింది. ఆయన అట్టముక్కకు సూదితో రంధ్రం చేసి ఇచ్చి, సూర్యుని వైపు వీపు పెట్టి, ఆ రంధ్రం గుండా కాగితం మీద పడిన చిన్న బింబాన్ని చూపించారు. అరసవల్లిలో ఏటా మార్చిలోను, అక్టోబరులోను కిరణాలు స్వామి పాదాలను తాకినప్పుడు భక్తులు చూచేది కూడా వెలుగు పడినచోటునే కదా అన్నారు. పిల్ల ఒప్పుకొన్నది కాని తృప్తిపడలేదు.

పౌర్ణమికి చంద్రుణ్ణి చూద్దామని ఇంట్లోవారు అన్నారు. ఆయన వైశాఖ శుద్ధ అష్టమినే ఎంచుకొన్నారు. నిండుచంద్రునిపై నీడలు ఉండవు. వెలుగు చీకటులు కలిసే రేఖ వద్దనే గుంటలూ కొండలూ తేటపడతాయి. డాబా మీద పిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

తరువాత అరుంధతి వంతు. ముందు సప్తర్షులు, అందులో వసిష్ఠుడు, ఆ ప్రక్కన సూక్ష్మమైన అరుంధతి. 28 రెట్లలో చూచి, నేత్రకటకం మార్చి 70 రెట్లలో చూచింది. "తాతా, వసిష్ఠుడు ఒక్కడు కాదు! ఇద్దరున్నారు!"

ఆయన వంగి, అలవాటు చొప్పున కుడికన్ను ఆనించారు. సూటిగా చూడగానే తార మాయమైంది. చూపు పక్కకు తిప్పితే మినుకుమన్నది, తిరిగి చూస్తే లేదు. చాలాసేపు అలాగే వంగి ఉండి, నలభై ఏళ్ళుగా దాచిన గ్రహణం సంగతి మనవరాలికి చెప్పారు. పిల్ల తాతగారి కుడికంటిని తన అరచేతితో మూసింది.

"అయితే ఈ కంటితో చూడు తాతా."

ఎడమకంటికి ముగ్గురూ కనబడ్డారు.