'జె' నొక్కితే 'ఖెత్'!

హీబ్రూకి 22 అక్షరాలు. వాటిలో అయిదింటికి పదం చివర వేరే రూపం. వెరసి 27. ఇజ్రాయెల్ కీబోర్డులో మూడు అక్షరాలు కామా, చుక్క, సెమికోలన్ మీటలెక్కి కూర్చున్నాయి. అదైతే అలవాటైపోతుంది. అసలు తంటా 'విమ్'తో.

1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన ఈ ఎడిటర్‌లో మౌస్‌తో పనిలేదు, 'జె' నొక్కితే కర్సర్ కింది వరుసకు దిగుతుంది. కంప్యూటర్ని హీబ్రూకి మార్చారో, అదే మీట 'ఖెత్' అక్షరమైపోతుంది. కర్సర్ కదలదు! ప్రతి దిద్దుబాటుకీ భాష మార్చి, మళ్లీ మార్చి... ఈలోపు రాయాలనుకున్న వాక్యం కాస్తా జారిపోదూ! ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు కొట్టేవారికీ తెలిసిన బాధే ఇది.

మందు విమ్‌లోనే ఉంది. కంప్యూటర్ని ఇంగ్లిష్‌లోనే వదిలేసి, ఎడిటర్‌కి మాత్రం హీబ్రూ 'కీమ్యాప్' పెట్టుకోవాలి. రాసేటప్పుడే హీబ్రూ పడుతుంది. ఎస్కేప్ నొక్కగానే 'జె' మళ్లీ కర్సర్ని దించుతుంది. మధ్యలో ఇంగ్లిష్ ముక్క కావాలా? కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కితే సరి.