పట్టికలో మరో గడి

ఐటీ పార్కు పక్కనున్న కాలనీ రోడ్డు ఇరుకైపోయిందంటే బిల్డర్ దురాశ అంటారు అందరూ. నేను ఆ వైపు కూర్చుని పనిచేసినవాణ్ణి. దురాశ దాకా పోనక్కర్లేదు, పట్టికలో ఒక గడికి బదులు మరో గడి చూస్తే చాలు.

హైదరాబాద్ పడమటి వైపు ఒక పార్కు. ఉన్న బ్లాకుల వెనక ఖాళీ స్థలంలో మరో రెండు టవర్లు లేపాలనుకున్నారు. పార్కువాళ్లు పెట్టుకున్న కన్సల్టెంటు ఆఫీసులో ట్రాఫిక్ నివేదిక రాసే పని నాది. ప్రధాన గేటు పెద్ద రోడ్డు మీదే ఉంది. రెండో గేటు వెనక కాలనీ రోడ్డులోకి తెరవాలని ఆలోచన. కొత్తగా వచ్చే బండ్లను ఆ రోడ్డు మోయగలదా అన్నది నేను తేల్చాలి.

దీనికి మనం వాడేవి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో తెచ్చిన 106వ నంబరు మార్గదర్శకాలు. ముందు అన్ని బండ్లనూ కార్ల లెక్కలోకి మారుస్తాం. కారు ఒకటి. రోడ్డు మీద పదో వంతుకు మించి బైకులుంటే ఒక్కో బైకు 0.75. మన ఊళ్లలో మించకపోవడమంటూ ఉండదు. ఆ తర్వాత రోడ్డు సామర్థ్యం. రెండు లేన్లుండి ఎదురెదురుగా బండ్లు నడిచే రోడ్డుకు పట్టికలో మూడు అంకెలున్నాయి: ఆర్టీరియల్ అయితే గంటకు 1500, సబ్ ఆర్టీరియల్ 1200, కలెక్టర్ రోడ్డు 900. లేన్లు అవే, తేడా అంతా పక్కన ఏముందన్నదాన్ని బట్టి. ఇళ్ల గేట్లు రోడ్డు మీదికి తెరుచుకోకుండా, బండ్లు ఎక్కడా ఆగకుండా, అడ్డం వచ్చేవి దాదాపు లేకుండా ఉంటేనే 1500. గేట్లు, ఆగే బండ్లు, అడ్డొచ్చేవి అన్నీ ఉంటే 900.

నేను 1500 వేశాను. వేయమని ఎవరూ చెప్పలేదు. మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డును వెడల్పు చేసే ప్రతిపాదన ఉంది. ఆ గీతను చూసి, రోడ్డు అప్పటికే పెద్దదైపోయినట్టు రాసుకున్నాను. 900 పెడితే రోడ్డు ఆ రోజుకే నిండిపోయినట్టు తేలుతుంది. 1500 పెడితే టవర్లు వచ్చాక కూడా కాస్త చోటు మిగులుతుంది. ఏది రాస్తే ఫైలు కదులుతుందో నాకు తెలుసు. తెలిసి వేసిన అంకెను ఇంజినీరింగ్ నిర్ణయం అని నాకు నేనే చెప్పుకున్నాను. బండ్లు లెక్కించడానికి కుర్రాళ్లను పెట్టి, నేను మాత్రం మధ్యాహ్నం పూట కారులో ఒక చుట్టు తిరిగి వచ్చాను. స్కూలు బస్సులు, ఇడ్లీ బండి దగ్గర ఆగే బైకులు, నీళ్ల ట్యాంకర్లు అన్నీ పొద్దుటి సంగతులు.

కాలనీవాళ్లను అడిగి ఉండొచ్చు కదా అంటారేమో. అడగమని చట్టం చెప్పలేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న కట్టడాలకు పర్యావరణ అనుమతి కావాలి, కానీ భవనాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. పెద్ద సిమెంటు ఫ్యాక్టరీ పెట్టాలంటే షామియానా వేసి అధికారుల ముందు ఊరివాళ్లతో మాట్లాడించాలి. వేలమంది రోజూ వచ్చిపోయే టవర్లకు ఆ పని లేదు. పైగా 2006లోనే హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు, ఎత్తేశారు. ఎంత కట్టొచ్చన్నది ముఖ్యంగా రోడ్డు వెడల్పు, వదలాల్సిన ఖాళీ స్థలం తేలుస్తాయి. అలాంటి చోట రోడ్డు గురించి రాసే కాగితానికి ఎంత బరువుందో చూడండి. ప్రజాభిప్రాయ సేకరణ నుంచి ఇచ్చిన ఆ మినహాయింపు తప్పని ఇప్పుడంటాను. అప్పుడు మాత్రం ఒక తలనొప్పి తప్పిందని ఆఫీసులో అందరం సంబరపడ్డాం.

గేటు తెరిచాక కాలనీ సంఘం సమావేశానికి మమ్మల్ని పిలిచారు. రిటైరైన టీచరుగారొకావిడ ప్రభుత్వ పోర్టల్ నుంచి మా నివేదిక దించుకుని, ప్రింటు తీసి, ఆ పేజీ మడిచి తెచ్చారు. “ఈ రోడ్డు మీద బండ్లు ఆగవని రాసిందెవరు బాబూ?” అన్నారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. నేనేనండీ అన్నాను. “మీరు ఎనిమిదిన్నరకి ఒక్కసారి వచ్చి నిలబడాల్సింది,” అన్నారు. నా వెనక నుంచి పార్కు మేనేజరు వెడల్పు ప్రతిపాదన గురించి ఏదో చెప్పబోతే, అది తన కొడుకు స్కూలుకు పోయే రోజుల నుంచీ వింటున్నానన్నారు.

కాలనీవాళ్లు గేటు వద్దని సంతకాలు పెట్టాక, దాన్ని బండ్లకు మూసి, నడిచేవాళ్లకే ఉంచారు. దాంతో అయిపోలేదు. క్యాబులు గేటు బయట కాలనీలోనే మనుషుల్ని దింపి, సాయంత్రం అక్కడే కాచుకుంటున్నాయి. గేటు వద్దని సంతకం పెట్టినవాళ్లలో కొందరు కింది అంతస్తు హాస్టల్‌కో కర్రీ పాయింటుకో అద్దెకిచ్చారు. నడిచే గేటు కూడా మూయమంటే వాళ్లే ఒప్పుకోలేదు. వాళ్లను తప్పుపట్టను, పార్కు వల్ల నష్టపోయినవాళ్లు అందులోంచే నాలుగు డబ్బులు రాబట్టుకుంటున్నారు. కానీ నా లెక్క ఇంకోసారి తప్పింది. మొదట్లోనే నిజాయితీగా 900 వేసి ఉన్నా, అది గేటు రాకముందు రోడ్డుకు సరిపోయే అంకె. గేటు వచ్చాక రోడ్డు పక్క మొత్తం మారిపోయింది.

ఇప్పుడు నా నివేదికల్లో గేటు తెరిచిన ఏడాదికి, స్కూళ్లు నడిచే రోజుల్లో, పార్కు ఖర్చుతోనే మళ్లీ లెక్కించాలనీ, బండ్లు అంచనాకు మించితే గేటు వేళలు తగ్గించాలనీ ఒక షరతు రాస్తున్నాను. చాలామంది క్లయింట్లు ముసాయిదాలోనే దాన్ని కొట్టేసి పంపుతారు. ఒకరిద్దరు ఉంచారు.