మారేడుమిల్లి బురదలో

రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. రంపచోడవరం దాటిన కొద్దిసేపటికే అడవి కమ్ముకుంటుంది. తారురోడ్డు ఉన్నంతవరకు ఎవరి మోటారైనా పోతుంది. దాన్ని వదిలి కొండమీది గూడేలకు పోయే మట్టిదారి ఎక్కినప్పుడే బండికీ, బండి నడిపేవాడికీ పరీక్ష. ఎర్రమట్టి. ఎండల్లో ఇటుకలా ఉంటుంది. రెండు వానలు పడ్డాయంటే వెన్నముద్ద.

క్రిందటి శ్రావణమాసంలో మా బావమరిది వెంట ఆ దారిన వెళ్ళాను. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. అతనికి నాలుగు చక్రాలూ లాగే పాత పికప్ లారీ ఒకటి ఉంది. ఆ రోజు దానిలో కొండరెడ్ల గూడెంలో బడి కప్పుకు రేకులు, పది బస్తాల సిమెంటు వేశారు. నాకు పనేమీ లేదు. "రా బావా, వానలో మన్యం చూద్దువు గాని" అన్నాడు. ఎక్కి కూర్చున్నాను.

అంతకు రెండు వారాల ముందే వెనక ఇరుసుకు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయించాడు. "ఇక మీకు గొలుసులతో పనే లేదు" అని షెడ్డువాడు చెప్పాడట. టైర్లకు చుట్టుకునే ఇనుప గొలుసులు తుప్పు పట్టాయని పాత ఇనుము కింద అమ్మేశాడు కూడా!

ఈ డిఫరెన్షియల్ సంగతి కాస్త చెప్పాలి. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. చక్రాల మధ్య ఎడం 1.4 మీటర్లు అనుకోండి. ఘాటురోడ్డులో బండి పూర్తిగా వెనక్కి తిరిగే మలుపులో బయటి చక్రం లోపలిదానికంటే దాదాపు 4.4 మీటర్లు ఎక్కువ దొర్లాలి. రెంటినీ ఒకే కడ్డీకి బిగించేస్తే ఏదో ఒకటి రోడ్డును రాచుకుంటూ పోవలసిందే. అందుకని ఇరుసు మధ్య పళ్ళచక్రాలు అమర్చారు. అవి చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిస్తూ, ఇంజను బలాన్ని రెంటికీ సమానంగా పంచుతాయి.

ఆ సమానమే బురదలో కొంప ముంచుతుంది. పట్టు లేక ఊరికే గిర్రున తిరిగే చక్రానికి కావలసిన బలం పిసరంత. రెండోదానికీ ఆ పిసరే దక్కుతుంది. అది గట్టినేల మీద ఉన్నా సరే, కదలదు. నాలుగు చక్రాలూ లాగే బండి గదా అంటారేమో! ముందు ఇరుసులో ఒకటీ, వెనక ఇరుసులో ఒకటీ జారితే చాలు, తక్కిన రెండూ చూస్తూ కూర్చుంటాయి.

మావాడు వేయించిన రకంలో ఆ పళ్ళచక్రాల పక్కన ఉక్కు బిళ్ళలు దొంతరగా పేర్చి, ఒత్తి ఉంచుతారు. ఒక చక్రం మరీ విడిగా తిరగబోతే బిళ్ళలు రాచుకుని దాన్ని పట్టుకుంటాయి. ఆ మేరకు బలం రెండోదానికి పోతుంది. పూర్తిగా బిగించవు గనుక మలుపులు తిరగవచ్చు. దీనికి నూనె కూడా వేరే రకం పోయాలి. బిళ్ళలు అరిగాయా, మళ్ళీ మామూలు ఇరుసే. అన్నట్టు, ఇటువంటి బండికి ఒక వెనక చక్రాన్ని జాకీ మీద లేపి ఇంజను నడిపి గేరు వేయకూడదు. నేలమీది చక్రం బండిని జాకీ మీదనుంచి నెట్టేస్తుంది. ఈ మధ్య వచ్చే చాలా బండ్లలో జారే చక్రానికి కంప్యూటరే బ్రేకు వేసి బలం రెండోవైపు మళ్ళిస్తోంది. మాది ఆ కాలపు బండి కాదు.

ఎక్కేటప్పుడు వైభోగమే. పోయిన ఏడు మూడు గంటలు ఇరుక్కున్న గోతిని మావాడు నాకు వేలుపెట్టి చూపించాడు. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి గోతుల్లో పడ్డాయి. బండి ఒక్కసారి మూలిగింది, బురద చిమ్మింది, గట్టెక్కింది. "చూశావా బావా!" అని మీసం దువ్వుకున్నాడు.

గూడెంలో రేకులు దింపి టీ తాగుతుంటే ఒక ముసలాయన వచ్చాడు. మనవడికి నాలుగు రోజులుగా చలిజ్వరం, రంపచోడవరం ఆస్పత్రికి చేర్చమన్నాడు. పిల్లవాడికి ఎనిమిదేళ్ళుంటాయి. దుప్పటి కప్పినా వణుకుతున్నాడు. తల్లినీ, పిల్లవాణ్ణీ ముందు కూర్చోబెట్టుకుని నాలుగున్నరకు బయలుదేరాము. ముసలాయన వెనక ఎక్కాడు. వాన మళ్ళీ అందుకుంది.

దిగుడు మధ్యలో చిన్న ఎగుడు ఉంది. ఎడమచేతివైపు కొండ, కుడివైపు లోయ. దారి లోయవైపే వాలి ఉంది. మావాడు కొంచెం గట్టిగా తొక్కాడు. బండి ముందుకు పోలేదు. వెనక భాగం నెమ్మదిగా, తడిబండ మీద సబ్బుబిళ్ళలా, పక్కకు నడవసాగింది. స్టీరింగు అతని చేతిలోనే ఉంది, తోక మాత్రం లోయ చేతిలో ఉంది. అతను కాలు తీసేశాడు. అదృష్టం, బ్రేకు తొక్కలేదు. అంచుకు మూరెడు దూరంలో ఆగింది.

దొర్లుతున్న చక్రం పక్కకు జారకుండా నేలను పట్టుకుంటుంది. గిర్రున తిరగడం మొదలుపెడితే ఆ పక్కపట్టు చాలావరకు పోతుంది. పాత ఇరుసు అయితే ఒకటి తిరిగినా రెండోది కాపలా ఉండేది. బండి ఇరుక్కునేదేమో గాని, తోక ఇంత తేలిగ్గా కదిలేది కాదు. ఇప్పుడు రెండూ కలిసి తిరిగాయి. దానికి తోడు ఎక్కేటప్పుడు వెనక ఉన్న బరువు ఇప్పుడు లేదు.

అందరం దిగాము. తల్లి పిల్లవాణ్ణి భుజాన వేసుకుని కొండకు ఆనుకుని నిలబడింది. మావాడి ముఖంలో నెత్తురు లేదు. "ఇంకొక్కసారి తొక్కి చూస్తాను బావా" అన్నాడు. మీ అక్కకు నేనేం చెప్పుకోను రా, అని అరవబోయాను. అంతలో ముసలాయన "ఆగు బాబూ" అని, బండిలోని గునపం తీసి కొండవైపు దారి అంచున జానెడు లోతు కాలువ తవ్వడం మొదలుపెట్టాడు. ఎడమ చక్రాలు ఆ కాలువలో పడితే బండి లోయవైపు జారలేదు. నేను పార అందుకున్నాను. మావాడు రాళ్ళు ఏరి వెనక ఇరుసు మీదికి వచ్చేలా బండిలో పేర్చాడు. టైర్లలో కొంత గాలి తీశాడు. కొమ్మలు నరికి పరిచాము. గంటంబావు పట్టింది.

లోయవైపు సీటులో అతనొక్కడే కూర్చున్నాడు. లో రేంజి, రెండో గేరు. ఈసారి ఇంజను గొంతు పెంచలేదు. చక్రాలు తిరగడం లేదు, దొర్లుతున్నాయి. ఎడమ చక్రం కాలువలోకి జారి కూర్చుంది. ఆ ఎగుడు ఇరవై గజాలుంటుంది. నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తు లేదు.

రంపచోడవరం చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. రక్తం పరీక్ష చేసి మలేరియా అన్నారు. పిల్లవాడు మూడో రోజుకు లేచి బన్ను కావాలన్నాడట. మావాడు తిరుగు ప్రయాణంలో నాతో ఒక్కమాట మాట్లాడలేదు. రాజమహేంద్రవరంలో నన్ను దింపి, ఇంటికి పోకుండా నేరుగా కొత్త గొలుసులు కొనడానికి పోయాడు.